రెండు పేటల సంఘాలు ఒకటైతే



2011 మార్చిలో అమెరికాలోని డెట్రాయిట్ నగరానికి ఒక లెక్క అందింది. అంతకుముందు ఏడాది జరిగిన జనాభా లెక్కల ఫలితం అది. ఊళ్ళో మిగిలిన జనం 7,13,777. అంతకు పదేళ్ళ ముందు అక్కడే 9.5 లక్షలమంది ఉండేవారు. అంటే పదేళ్ళలో నలుగురిలో ఒకరు ఊరు ఖాళీ చేశారు. ఇంకా వెనక్కి, 1950కి వెళ్తే, ఆ ఊరి జనాభా 18.5 లక్షలు. యుద్ధం వచ్చి కూల్చలేదు, వరద వచ్చి ముంచలేదు. అరవై ఏళ్ళలో ఒక మహానగరం సగానికి పైగా ఖాళీ అయింది.

అదే ఏడాది ఆ ఊరి మధ్యలో ఇంకో పని జరిగింది. జనాభా లెక్కంత సంచలనం దానికి లేదు. పక్కపక్కనే ఉన్న రెండు పేటల అభివృద్ధి సంఘాలు తమ పాత పేర్లు వదిలేసి, ఒకే పాలకమండలి కిందికి వచ్చి, ఒక్క సంఘమయ్యాయి. కొత్త సంఘం పేరు మిడ్‌టౌన్ డెట్రాయిట్. ఈ రోజు మీతో మాట్లాడాలనుకున్నది ఈ రెండో సంగతి గురించి. రెండు సంఘాలు కలిస్తే ఒక పేట ఎలా లేచి నిలబడింది, అలా లేచినప్పుడు ఎవరికి చోటు దొరికింది, ఎవరికి దొరకలేదు, ఇందులో మన కాలనీలకూ మన బస్తీలకూ పనికొచ్చేది ఏముంది అన్నది చూద్దాం.

ముందు ఆ ఊరి కథ క్లుప్తంగా. డెట్రాయిట్ అమెరికా కార్ల పరిశ్రమకు గుండెకాయ. ఫోర్డ్, జనరల్ మోటార్స్, క్రైస్లర్, మూడూ ఆ ప్రాంతంలో పెరిగినవే. కార్ఖానాలో పని దొరుకుతుందని దక్షిణాది రాష్ట్రాలనుంచి లక్షలాది నల్లజాతివారు, తూర్పు యూరప్‌నుంచి మరెందరో వచ్చి స్థిరపడ్డారు. 1950లనుంచి కంపెనీలు కొత్త కార్ఖానాలను శివార్లలో కట్టాయి. ఊరి నడుమనుంచి ఫ్రీవేలు వేశారు. ఆ రోడ్లకోసం బ్లాక్ బాటమ్, ప్యారడైజ్ వ్యాలీ అనే నల్లజాతివారి పేటలను కూలగొట్టారు. తెల్లవారికి శివార్లలో ఇళ్ళకు సులువుగా అప్పులు దొరికాయి, నల్లవారికి దొరకలేదు. 1967 జూలైలో పేలిన అల్లర్లలో 43 మంది చనిపోయారు. ఆ తర్వాత వలస ఇంకా వేగమందుకుంది. ఇళ్ళు ఖాళీ అయితే పన్నులు రావు. పన్నులు రాకపోతే దీపాలు వెలగవు, చెత్త బండి రాదు. అది చూసి మిగిలినవాళ్ళూ సామాను సర్దుకుంటారు. ఈ సుడిలో ఆ ఊరు దశాబ్దాలపాటు తిరిగింది.

ఇప్పుడు మనం చూడబోయే రెండు పేటల్నీ కలిపేది ఒకే రోడ్డు. దాని పేరు వుడ్‌వర్డ్ అవెన్యూ. అమెరికాలో మొట్టమొదటగా ఒక మైలు పొడవున కాంక్రీటు పరిచింది ఆ రోడ్డు మీదే, 1909లో. నది ఒడ్డునుంచి బయలుదేరి నగర కేంద్రం దాటి పైకి వెళ్తే మొదట మిడ్‌టౌన్ వస్తుంది. సింఫనీ వాద్యబృందం కచేరీలు చేసే ఆర్కెస్ట్రా హాల్ అక్కడుంది. పెద్ద వైద్యశాలల సముదాయం అక్కడుంది. వేన్ స్టేట్ విశ్వవిద్యాలయం, నగర గ్రంథాలయం, చరిత్ర ప్రదర్శనశాల, ఆఫ్రికన్ అమెరికన్ చరిత్రకు అంకితమైన చార్లెస్ రైట్ మ్యూజియం అక్కడే. డెట్రాయిట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్ట్స్ కూడా అక్కడే. 1932, 33లలో మెక్సికో చిత్రకారుడు డియెగో రివేరా ఆ ఊరి కార్మికులను 27 కుడ్యచిత్రాలుగా గోడలకెక్కించింది ఆ భవనంలోనే.

ఇంకాస్త పైకి వెళ్తే న్యూ సెంటర్. 1920లలో జనరల్ మోటార్స్ తన ప్రధాన కార్యాలయాన్ని ఊరి నడిబొడ్డుకు మూడు మైళ్ళ దూరంలో కట్టుకుంటే దాని చుట్టూ పెరిగిన పేట అది. ఎదురుగా 1928లో ఫిషర్ బిల్డింగ్ లేచింది. రెండింటికీ వాస్తుశిల్పి ఒకరే, ఆల్బర్ట్ కాన్. అక్కడి గ్రాండ్ బులెవార్డ్ మీద హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి ఉంది. అదే బులెవార్డ్ మీద, 1959లో బెర్రీ గార్డీ మొదలుపెట్టిన మోటౌన్ సంగీత సంస్థ తొలి ఇల్లు ఉంది.

ఈ రెండు పేటలకూ మధ్య దూరం నడిచి వెళ్ళేంతే. కానీ నడిచేవాళ్ళు తక్కువ. ఐ-94 ఫ్రీవే ఒకటి, ఆ తర్వాత రైలు పట్టాలు, రెండూ అడ్డంగా పోతాయి. ఆ గీతకు ఇవతల మిడ్‌టౌన్‌లో ఒక సంఘం, అవతల న్యూ సెంటర్‌లో ఒక సంఘం. ఇవతలిది యూనివర్సిటీ కల్చరల్ సెంటర్ అసోసియేషన్. 1976లో పుట్టింది. అవతలిది న్యూ సెంటర్ కౌన్సిల్.

ఇలాంటి సంఘాలు అమెరికాలో ఎందుకు పుట్టాయో ఒక మాట చెప్పాలి. మన దగ్గర రోడ్డు వేసినా, పార్కు కట్టినా అది మునిసిపాలిటీ పనే అనుకుంటాం. అక్కడ 1960ల చివరినుంచి పేటకో లాభాపేక్ష లేని సంస్థ పెట్టుకోవడం మొదలైంది. సొంతంగా ఇళ్ళు బాగుచేయించడం, దుకాణాలు తెప్పించడం, దాతలనుంచీ ప్రభుత్వంనుంచీ డబ్బు తెచ్చి పేటలో ఖర్చుపెట్టడం వాటి పని. మార్గం వేసింది న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని బెడ్‌ఫర్డ్-స్టైవెసంట్ పేట. 1967లో సెనేటర్ రాబర్ట్ కెన్నెడీ చొరవతో అక్కడ సంస్థ పుట్టింది. ఆ మొదటి ప్రయత్నంలోనే రెండు సంస్థలు ఉండేవి. పేటలోని నల్లజాతివారు ఏం కావాలో తేల్చే సంస్థ ఒకటి, పెద్ద కంపెనీల అధిపతులు డబ్బు తెచ్చే సంస్థ ఇంకొకటి. పేటకు కావలసినదేమిటో తెలిసినవారు ఒక గదిలో, పెట్టుబడి తేగలవారు ఇంకో గదిలో. సమన్వయంలో చిక్కులు వచ్చి 1970లలో ఆ రెంటినీ ఒకటి చేశారు. పేట అభివృద్ధి సంఘాల చరిత్రలో విలీనం ప్రశ్న మొదటినుంచీ ఉన్నదే.

మళ్ళీ డెట్రాయిట్‌కు వద్దాం. రెండు సంఘాలూ చేసిన పని తక్కువేం కాదు. మిడ్‌టౌన్ సంఘానికి 1980లనుంచి నాయకత్వం వహించిన సూ మోసీని పత్రికలవాళ్ళు 'మిడ్‌టౌన్ మేయర్' అని పిలిచేవారు. ఫెర్రీ వీధిలో పాడుబడుతున్న పాతకాలపు ఇళ్ళను ఆ సంఘం బాగుచేయించింది. నాలుగు ఇళ్ళు, రెండు గుర్రపుబండ్ల కొట్టాలు కలిపి 40 గదుల హోటలుగా 2001లో తెరిచింది. కూలగొడితే ఖాళీ స్థలం మిగిలేది. బాగుచేస్తే ఆ వీధికి మనుషులు వచ్చారు. అవతల న్యూ సెంటర్‌లో వ్యాపారసంస్థల అండతో వీధుల శుభ్రత, పార్కు, వేసవి సాయంత్రాల కచేరీలు నడిచేవి. అంతకుముందు 1970ల చివర జనరల్ మోటార్స్ తన కార్యాలయం వెనకవీధుల్లోని ఇళ్ళను బాగుచేయించే కార్యక్రమం ఒకటి చేపట్టింది.

అయితే 1996లో ఆ కంపెనీ నది ఒడ్డున ఉన్న రెనసాన్స్ సెంటర్‌ను కొని, కొన్నేళ్ళకు కార్యాలయాన్ని అక్కడికి మార్చేసింది. పాత భవనంలోకి రాష్ట్రప్రభుత్వ కార్యాలయాలు వచ్చాయి. ఏ కంపెనీ చుట్టూ న్యూ సెంటర్ పెరిగిందో ఆ కంపెనీ ఇక అక్కడ లేదు. ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించాలి. కార్ఖానా వెళ్ళిపోతుంది, ప్రధాన కార్యాలయం వెళ్ళిపోతుంది. విశ్వవిద్యాలయం వెళ్ళదు. ఆసుపత్రి అంత తేలిగ్గా వెళ్ళదు. మ్యూజియం అసలే కదలదు. పాతుకున్న ఈ సంస్థలే పేటకు ఆధారమని అప్పటికే ఫిలడెల్ఫియా, క్లీవ్‌లాండ్ వంటి నగరాలు గుర్తించాయి. డెట్రాయిట్‌లో ఇలాంటివి మూడు పెద్దవి: వేన్ స్టేట్ విశ్వవిద్యాలయం, డెట్రాయిట్ మెడికల్ సెంటర్, హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రుల సంస్థ. మొదటి రెండూ ఇవతలి సంఘం పరిధిలో, మూడోది అవతలి సంఘం పరిధిలో.

విలీనానికి అసలు అవసరం ఇక్కడే కనిపిస్తుంది. ఈ మూడు సంస్థల ఉద్యోగులు వేలల్లో ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది శివార్లనుంచి పొద్దున కార్లో వచ్చి సాయంత్రం కార్లో వెళ్ళిపోతారు. వాళ్ళలో కొద్దిమంది ఇక్కడే కాపురం ఉన్నా దుకాణాలు నిలబడతాయి, వీధిలో రాత్రి ఎనిమిదింటికి కూడా మనుషులు కనిపిస్తారు. దీనికి మూడు సంస్థలూ కలిసి ఒకే పథకం పెట్టాలి. ఇద్దరు ఒక సంఘంతో, ఒకరు ఇంకో సంఘంతో మాట్లాడుతుంటే ఒకే పథకం ఎలా వస్తుంది? డబ్బు సంగతీ అంతే. ఆ పేటలకు సాయం చేయగల పెద్ద ఫౌండేషన్లు వేళ్ళమీద లెక్కపెట్టేన్ని. క్రెస్గీ ఫౌండేషన్, హడ్సన్-వెబర్ ఫౌండేషన్ వాటిలో ముఖ్యమైనవి. ఒకే రోడ్డు మీది రెండు సంఘాలు రెండు దరఖాస్తులతో వాటి దగ్గరికి వెళ్ళడం, ఒకే ముహూర్తానికి రెండు పెళ్ళిళ్ళవారు ఒకే పురోహితుడి గుమ్మం తొక్కినట్టే. పురోహితుడు ఏ ఇంటికీ పూర్తిగా న్యాయం చేయలేడు.

పైగా చిన్న సంఘాన్ని నడపడానికే ఖర్చవుతుంది. లెక్కలు రాసేవాళ్ళు, ఆడిట్, బీమా, కార్యాలయం అద్దె, ఇవన్నీ రెండుచోట్లా విడివిడిగా పెట్టాలి. ఆ డబ్బుతో వీధిలో ఒక పని చేయవచ్చు. కాబట్టి కలపడం మంచిదే. కానీ కలపడమంటే సమావేశంలో చేతులెత్తితే అయిపోయే పని కాదు. ఎవరి పేరు ఉండాలి, ఎవరి మనుషులు పాలకమండలిలో కూర్చోవాలి, ఇద్దరు అధికారులుంటే ఎవరు మిగలాలి, ఒకరు చేసిన అప్పుకు ఇంకొకరు పూచీ పడాలా, ఒక పేటకని దాత ఇచ్చిన డబ్బును రెండో పేటలో వాడవచ్చా, ఇవన్నీ తేల్చుకోవాలి. ఎన్ని సంఘాలు ఎన్ని ఊళ్ళలో కలవాలనుకుని ఈ ప్రశ్నల దగ్గరే ఆగిపోయాయో చెప్పడం కష్టం. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు మిగిలిపోవడమే మామూలు. డెట్రాయిట్‌లో ఆ రెండు సంఘాలు ఆగలేదు. 2011లో కలిశాయి. పగ్గాలు సూ మోసీ చేతికి వచ్చాయి.

ఆ ఏడాదే 'లివ్ మిడ్‌టౌన్' అనే పథకం మొదలైంది. నాకు ఇందులో నచ్చేది దీని సూటిదనం. ఆ మూడు సంస్థల ఉద్యోగి ఎవరైనా ఈ పేటలో ఇల్లు కొనుక్కుంటే 20 వేల డాలర్ల వరకు అప్పు ఇచ్చేవారు. కొన్నేళ్ళు అక్కడే ఉంటే ఆ అప్పు రద్దయ్యేది. అద్దెకు వచ్చి చేరితే మొదటి ఏడాది 2,500 డాలర్లు, రెండో ఏడాది 1,000 డాలర్లు ఇచ్చేవారు. ఇప్పటికే అద్దెకున్న ఉద్యోగి ఒప్పందం కొనసాగించుకుంటే అతనికీ 1,000 డాలర్లు. సొంత ఇల్లున్నవారు బయటివైపు మరమ్మతులు చేయించుకుంటే అందులో కొంత భరించేవారు. డబ్బు ఆ సంస్థలూ, ఫౌండేషన్లూ, రాష్ట్ర గృహనిర్మాణ సంస్థా కలిసి పెట్టాయి. నడిపింది విలీనమైన సంఘం. ఒక నర్సుకో, ఒక గుమాస్తాకో, ఒక అధ్యాపకుడికో నేరుగా, చేతికందేలా చేసిన సాయం అది. ఖాళీ అపార్టుమెంట్లు నిండడం మొదలైంది. అద్దెకు మనుషులు దొరుకుతారని నమ్మకం కుదిరాక, మూతబడ్డ భవనాలను బాగుచేయడానికి బ్యాంకులూ ముందుకొచ్చాయి.

ఇళ్ళు నిండితే మిగతావి వాటంతటవే రావు, తేవాలి. 2013 జూన్‌లో మ్యాక్ అవెన్యూలో హోల్ ఫుడ్స్ దుకాణం తెరిచారు. పెద్ద కిరాణా సంస్థలు ఊరు వదిలేసిన డెట్రాయిట్‌లో తాజా కూరగాయలమ్మే అంత పెద్ద దుకాణం తెరవడం ఆనాడు జాతీయ వార్త. 2012లో డ్లెక్ట్రిసిటీ అనే ఉత్సవం మొదలైంది. రాత్రిపూట పాత భవనాల గోడల మీద వెలుగులతో బొమ్మలు వేశారు. అంతకు పదేళ్ళ ముందు రాత్రి వెళ్ళడానికి జంకిన వీధుల్లో వేలమంది కుటుంబాలతో నడిచారు. జనరల్ మోటార్స్ పాత పరిశోధనశాల, ఆర్గొనాట్ బిల్డింగ్, విలీనానికి ముందే 2009లో డిజైన్ కళాశాలగా మారి న్యూ సెంటర్‌కు విద్యార్థులను తెచ్చింది. 2017 మేలో క్యూలైన్ అనే ట్రామ్ నడక మొదలైంది. నగర కేంద్రంనుంచి గ్రాండ్ బులెవార్డ్ వరకు, వుడ్‌వర్డ్ మీద 3.3 మైళ్ళు. ఫ్రీవే విడదీసిన రెండు పేటలమీదుగా ఒకే ట్రామ్ వెళ్తోంది. సంఘాలు ముందే కలవకపోయి ఉంటే ఆ పట్టాల పక్కన ఏం రావాలో ఒక్క ఆలోచనగా ఉండేది కాదని నా నమ్మకం.

ఇంతవరకు చెప్పింది వింటే, కలిసి ఉంటే కలదు సుఖం అని కథ ముగించవచ్చు. కానీ అలా ముగిస్తే నిజంలో సగమే చెప్పినట్టవుతుంది.

2013 జూలై 18న, హోల్ ఫుడ్స్ తెరిచిన ఆరు వారాలకు, డెట్రాయిట్ నగరపాలన దివాలా పత్రాలు కోర్టులో దాఖలు చేసింది. నగరానికున్న అప్పులూ బాధ్యతలూ కలిపి సుమారు 1,800 కోట్ల డాలర్లు. అమెరికా చరిత్రలో ఒక నగరం దివాలాకెక్కడంలో అదే అతి పెద్దది. ఊళ్ళో వీధిదీపాల్లో సుమారు 40 శాతం వెలగడం లేదని ఆ పత్రాల్లో రాశారు. ఆపదలో పోలీసులను పిలిస్తే రావడానికి సగటున 58 నిమిషాలు పడుతోందని రాశారు. అదే సమయంలో మిడ్‌టౌన్‌లో వేన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి సొంత పోలీసులున్నారు. వాళ్ళు క్యాంపస్ దాటి పేట అంతటా తిరుగుతారు, పిలిస్తే నిమిషాల్లో వస్తారు. పేటలోని భద్రతాసిబ్బందినందరినీ కూర్చోబెట్టి ఎక్కడ ఏ నేరం జరుగుతోందో క్రమం తప్పకుండా సమీక్షించే పద్ధతి కూడా ఉంది. చాలా మంచి పద్ధతి. కానీ ఆ పేట సరిహద్దుకు రెండు మైళ్ళ అవతల ఉన్న ఒక ముసలమ్మ పరిస్థితి ఏమిటి? ఆమె ఉండే పేటలో విశ్వవిద్యాలయం లేదు, ఆసుపత్రి లేదు, మ్యూజియం లేదు. ఆమె పేటకు పాతుకున్న సంస్థ ఏదీ లేదు. ఆమె మాత్రమే పాతుకుని ఉంది.

మిడ్‌టౌన్ లోపల కూడా ఇంకో కథ నడిచింది. ఇళ్ళు నిండాక అద్దెలు పెరిగాయి. అద్దె పెరిగితే మొదట కదిలేది అంతవరకు ఆ పేటను అంటిపెట్టుకుని ఉన్న కళాకారులు, వృద్ధులు, చిన్న జీతగాళ్ళు. ఎవరూ ఉండనన్న రోజుల్లో ఉన్నవాళ్ళు వాళ్ళు. ఆర్కెస్ట్రా హాల్ కథే చూడండి. 1970లో దాన్ని కూలగొట్టే పరిస్థితి వస్తే సింఫనీలోని సంగీతకారులు, ఊరివాళ్ళు ఉద్యమంలాగా నిలబడి కాపాడారు. 1989లో సింఫనీ మళ్ళీ ఆ హాలుకు తిరిగి వచ్చింది. ఈ పేటకు విలువ తెచ్చింది ఇలాంటి మొండి మనుషులు. విలువ పెరిగిన రోజున వాళ్ళలో ఎంతోమందికి అద్దె కట్టడం భారమైంది.

ఇక్కడ సంవత్సరాల వరుస చూడండి. కొత్తవాళ్ళను రమ్మని పిలిచే పథకం విలీనమైన ఏడాదే వచ్చింది. 'స్టే మిడ్‌టౌన్' అనే పథకం, అంటే తక్కువ, మధ్యస్థ ఆదాయం ఉన్న అద్దెదారులు పేటలోనే ఉండగలిగేలా అద్దెలో సాయపడే పథకం, అది కొన్నేళ్ళ తర్వాత గానీ రాలేదు. మొదటి పథకంలో పాతవాళ్ళకు ఏమీ లేదని నేననను. కానీ ఆ సాయం కూడా మూడు సంస్థల్లో జీతం తీసుకునేవాళ్ళకే. చాకలి దుకాణంలో పనిచేసే మనిషికి, పక్కవీధి వంటమనిషికి అందులో చోటు లేదు. దీనికి ఎవరిదో దుర్బుద్ధి కారణమని కూడా నేననను. ఒక సంఘం ఏ బల్ల చుట్టూ కూర్చుని నిర్ణయాలు తీసుకుంటుందో ఆ బల్ల దగ్గర ఉన్నవాళ్ళ అవసరాలే ముందు పథకాలవుతాయి. ఆ బల్ల చుట్టూ సంస్థలు ఉన్నాయి, దాతలు ఉన్నారు, భవనాల యజమానులు ఉన్నారు. పక్కవీధి వంటమనిషికి ఆ బల్ల దగ్గర కుర్చీ ఉండి ఉంటే రెండు పథకాలూ ఒకే ఏడాది వచ్చేవి. నేను ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే.

డెట్రాయిట్ ప్రజలు ఈ లోటును గుర్తించారు. 2016 నవంబరులో బ్యాలెట్ ద్వారా ఒక చట్టం తెచ్చుకున్నారు. 7.5 కోట్ల డాలర్లు దాటిన నిర్మాణానికి ప్రభుత్వం రాయితీ ఇస్తుంటే, ఆ చుట్టుపక్కల వాళ్ళతో తొమ్మిదిమంది సలహామండలి ఏర్పడాలి. మాకేం మేలు, మాకేం కీడు అని వాళ్ళు బిల్డరుతో కూర్చుని మాట్లాడాలి. ఇలాంటి చట్టం చేసుకున్న మొదటి అమెరికా నగరం డెట్రాయిట్. క్లీవ్‌లాండ్ మరో దారి చూపింది. అక్కడి ఆసుపత్రులూ విశ్వవిద్యాలయమూ ఉన్న పేట పక్కనే 2009లో ఎవర్‌గ్రీన్ అనే సహకార లాండ్రీ పెట్టారు. ఆసుపత్రి దుప్పట్లు ఉతకడం దాని పని. ఉతికేవాళ్ళే దాని యజమానులు. పాతుకున్న సంస్థ ఖర్చుపెట్టే డబ్బు పక్కపేట కూలివాడి జేబులోకి వెళ్ళేలా కట్టిన ఏర్పాటు అది.

డెట్రాయిట్ నగరం మొత్తంగా చూస్తే 2020 నాటికి జనాభా 6,39,111కు పడిపోయింది. అయినా 2024లో విడుదలైన అంచనాల్లో, 1957 తర్వాత మొదటిసారి ఆ ఊరి జనాభా తగ్గకుండా కొద్దిగా పెరిగింది. దీనికి ఒక్క మిడ్‌టౌన్ కారణమని చెప్పడం తప్పు. దివాలా కాలంలో ఫౌండేషన్లు, రాష్ట్రం, ఆర్ట్ మ్యూజియం కలిసి 80 కోట్ల డాలర్లకు పైగా పోగుచేసి, ఉద్యోగుల పింఛన్లనూ మ్యూజియంలోని చిత్రాలనూ కాపాడాయి. అలాంటి ప్రయత్నాలు ఎన్నో జరిగాయి. కానీ పడిపోతున్న ఊళ్ళో ఒక రోడ్డు లేచి నిలబడవచ్చని ముందుగా చూపించింది ఆ కలిసిన సంఘం. ఆ ఘనత దానిదే.

డెట్రాయిట్ మనకు మరీ దూరం కాదు. ఆ చుట్టుపక్కల నోవై, కాంటన్, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్‌లో వేలాది తెలుగు కుటుంబాలున్నాయి. కార్ల కంపెనీల్లో ఇంజనీర్లుగా వెళ్ళినవాళ్ళు ఎందరో. 2015 జూలైలో ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా మహాసభలు జరిగింది డెట్రాయిట్ నడిబొడ్డున కోబో సెంటర్‌లోనే. వాళ్ళుండేది శివార్లలో. ఊరు ఖాళీ అయిన కథలో శివారు వైపు నిలబడి చూస్తున్నవాళ్ళు మనవాళ్ళు కూడా.

ఇక మన ఇంటికొద్దాం. 2007 ఏప్రిల్‌లో హైదరాబాద్ నగరపాలక సంస్థలో 12 మునిసిపాలిటీలూ, 8 గ్రామపంచాయతీలూ కలిపి గ్రేటర్ హైదరాబాద్ చేశారు. అది ప్రభుత్వ ఉత్తర్వుతో జరిగిన విలీనం. పాలన కలిసింది. కాలనీ సంఘాలు మాత్రం గోడకివతల ఒకటి, గోడకవతల ఒకటిగానే ఉన్నాయి. ఒకే నాలా రెండు కాలనీలలోనుంచి పోతుంది. ఒకరు పూడిక తీయిస్తారు, ఇంకొకరు తీయించరు. వానొస్తే నీళ్ళు ఇద్దరిళ్ళలోకీ వస్తాయి. మన కాలనీ సంఘాల్లో ఓటు సాధారణంగా ఇంటి యజమానికే. అద్దెకున్నవాళ్ళు నిర్వహణ రుసుము కడతారు, సమావేశానికి వెళ్ళరు. పక్కనే ఉన్న బస్తీలోనుంచి పనికి వచ్చేవాళ్ళ సంగతి ఆ సమావేశంలో రాదు. ఇలాంటి సంఘాలు నాలుగు కలిసినా పెద్దవాళ్ళ సంఘం ఇంకా పెద్దది అవుతుందంతే.

అయితే సరైన పద్ధతి మన మధ్యే ఉంది. మన మహిళా పొదుపు సంఘాలు ఎలా కలుస్తాయో గుర్తుచేసుకోండి. పదిమంది ఒక సంఘం. ఆ సంఘానికి సొంత ఖాతా, సొంత తీర్మానాల పుస్తకం. అలాంటి సంఘాలు కలిస్తే బస్తీలో సమాఖ్య. బస్తీ సమాఖ్యలు కలిస్తే పట్టణ సమాఖ్య. పట్టణాల్లో పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా ఆధ్వర్యంలో నడుస్తున్నది ఇదే. పైకి వెళ్ళేకొద్దీ బలం పెరుగుతుంది. కానీ కింద ఉన్న పదిమంది సంఘం కరిగిపోదు. దాని తరపున మాట్లాడే మనిషి పై సమాఖ్యలో కూర్చుంటుంది. ఈ సమాఖ్యల్లో లోపాలున్నాయి, నిజమే. చాలాచోట్ల అప్పుల వసూలు దగ్గరే ఆగిపోతాయి, అధికారి మాటే చెల్లుతుంది. అయినా చిన్నది చెరిగిపోకుండా పెద్దది కావడమెలాగో మన ఆడవాళ్ళకు చేతనైన విద్య అది.

అందుకని, మీ కాలనీ సంఘం పక్క కాలనీతో కలవాలనుకుంటే తప్పక కలవండి. నాలా ఒకటే, రోడ్డు ఒకటే, చెరువు ఒకటే అయినప్పుడు సంఘం రెండుగా ఉండటం వృథా. కలిసేముందు మాత్రం మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి. ఒకటి, అద్దెకున్నవాళ్ళకూ పక్కబస్తీ వాళ్ళకూ కార్యవర్గంలో ఇన్ని స్థానాలు అని అంకె వేసి రాయండి. రెండు, కొత్తవాళ్ళను రప్పించే పనికి ఎంత ఖర్చుపెడతారో, పాతవాళ్ళను నిలబెట్టే పనికీ అంత ఖర్చు మొదటి ఏడాదినుంచే పెట్టండి. మూడు, జమాఖర్చులు ఏటా బహిరంగ సమావేశంలో చదవండి.

డెట్రాయిట్‌లో ఒక పేట లేవడానికి కలిసిన సంఘం కారణమైంది. ఆ లేచిన పేటలో అందరికీ చోటుండాలంటే ఏం చేయాలో ఆ ఊరు ఆలస్యంగా, కష్టపడి నేర్చుకుంది. మనం ఆ ఆలస్యం చేయనక్కరలేదు.